రికార్డు వేగము – పాట శ్రుతి

గ్రామఫోను రికార్డునందు పాట లేదు. పాట నడచిన జాడ మాత్రమే కలదు. నల్లని పళ్ళెముపై చుట్లుచుట్లుగా సాగిన సన్నని గాడిలో గాయకుని కంఠము, ఫిడేలు, మృదంగము అన్నియు వంకరలై నిలిచియున్నవి. ఆ గాడిలో ముల్లు నడచిన వేగమునుబట్టి పాట మరల పుట్టుచున్నది. రికార్డు చేసిననాడు యంత్రము ఏ వేగముతో తిరిగినదో, మన యింటిలోని పళ్ళెము కూడ అదే వేగముతో తిరిగినప్పుడు పాట పాడినది పాడినట్లు వినవచ్చును. వేగము హెచ్చినచో శ్రుతి పైకి పోవును, లయ త్వరపడును. వేగము తగ్గినచో శ్రుతి దిగును, లయ మందగించును. ఈ రెండును జంటగానే మారును. ఒకదానిని మార్చి రెండవదానిని విడిచిపెట్టుట ఈ యంత్రమునకు చేతకాదు.

ఇందులో ఒక చిక్కు కలదు. వేగము తప్పిన రికార్డులో అపశ్రుతి వినబడదు. గాత్రము, పక్కవాద్యము, తంబుర అన్నియు ఒకే పాళ్ళలో జరుగుటచేత వానిలో వానికి పొత్తు చెడదు. అందువలన పాట నిండుగానే ఉన్నట్లు తోచును. ఇంటిల్లిపాదియు ఏండ్ల తరబడి అరమెట్టు హెచ్చుశ్రుతిలో పాటలు వినుచు, అదియే గాయకుని అసలు గొంతు అని నమ్మియుండుట కలదు. తప్పు తెలియకుండుటయే ఈ తప్పునకు బలము.

ఎంత వేగము తప్పినచో ఎంత శ్రుతి తప్పును? మన పన్నెండు స్వరస్థానములలో ఒకదానినుండి పై దానికి పోవుటకు వేగము నూటికి సుమారు ఆరు వంతులు పెరుగవలెను. అనగా నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగవలసిన రికార్డు 35⅓ చుట్లు తిరిగినచో, శుద్ధ రిషభము చతుశ్శ్రుతి రిషభమైనట్లు, పాట అంతయు ఒక మెట్టు పైకెక్కును. హార్మనీ కట్టల లెక్కలో చెప్పవలెనన్న, నాలుగున్నర కట్టల శ్రుతిలో పాడిన విదుషి అయిదు కట్టల శ్రుతిలో పాడినట్లు వినబడును. చుట్లలో తేడా రెండే. చెవికి మాత్రము అది ఒక స్వరస్థానము.

దీనివలన నష్టపడువారు ఎవరు? మొదటివారు రికార్డు ప్రక్కన కూర్చుండి వీణయో ఫిడేలో సాధనచేయు విద్యార్థులు. పాట శ్రుతి ఏ కట్టకును సరిగా దొరకక, రెండు కట్టల నడుమ నిలిచినప్పుడు, వారు తమ తీగెలను బిగించి, వదలి, చివరకు తమ చెవినే శంకించుకొందురు. రెండవవారు పూర్వ గాయకుల పాటను తూచి చూచువారు. ఒకరిది మిక్కిలి త్వరితమైన బాణీ యనియు, వేరొకరిది హెచ్చు శ్రుతి యనియు రికార్డు విని తీర్పు చెప్పినచో, ఆ తీర్పు గాయకునిది కాక మోటారుది కావచ్చును. స్థానం నరసింహారావు (1902–1971) వంటి నటులు స్త్రీపాత్రలను ధరించి పాడిన రంగస్థలము మనది. అట్టి నటుని కంఠము ఎంత సుకుమారమో రికార్డునుబట్టి చెప్పదలచినవాడు ముందుగా పళ్ళెము వేగమును చూచుకొనవలెను గదా.

మూడవ నష్టము ఈ కాలమున పుట్టినది. ఇండ్లలోని పాత రికార్డులను ఇప్పుడు అనేకులు కంప్యూటరులోనికి ఎక్కించి, బంధువులకు పంచి, రికార్డును అటకమీద పెట్టుచున్నారు. ఎక్కించిననాడు వేగము తప్పియున్నచో ఆ తప్పు ప్రతి నకలులోను స్థిరపడిపోవును. రికార్డు పగిలిన పిమ్మట సరిచూచుకొనుటకు మూలము కూడ ఉండదు. మనుమలు విను గొంతు తాతగారు మెచ్చిన గొంతు కాకపోవును. కావున వేగమును సరిచూచుట యంత్రముపై మోజుగలవారి వేడుక మాత్రమే కాదు. రికార్డు ఉన్న ప్రతి ఇంటివారికిని అది అవసరమైన పని.

ఇక రికార్డులకు ఏర్పడిన వేగములు ఏవో చూతము. భారతదేశమున తొలి వాణిజ్య రికార్డులు 1902లో కలకత్తాలో తీసిరి. గ్రామఫోను కంపెనీ తరపున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఆనాడు గౌహర్ జాన్ మొదలగువారి పాటలను పట్టెను. 1908లో కలకత్తాలోనే రికార్డులను అచ్చువేయు కర్మాగారము వెలసినది. ఆ తొలినాళ్ళ రికార్డులకు నియతమైన వేగము లేదు. కొన్ని నిమిషమునకు డెబ్బదిచిల్లర చుట్లకును, కొన్ని ఎనుబదికిని తీసినవి. 1925లో విద్యుత్తుతో రికార్డుచేయు పద్ధతి వచ్చిన తరువాత 78 చుట్ల వేగము లోకమంతట నిలదొక్కుకొన్నది.

33⅓ చుట్ల వేగము చలనచిత్రములనుండి వచ్చినది. 1926లో అమెరికాలో వైటాఫోన్ పద్ధతిలో, ఒక ఫిలిము చుట్ట నడచునంతసేపు మోగుటకై పదునారు అంగుళముల పెద్ద రికార్డును ఈ మందవేగముతో త్రిప్పిరి. పిమ్మట రేడియో కేంద్రములవారును కార్యక్రమములను నిలువచేయుటకు అట్టి పదునారు అంగుళముల పళ్ళెములను, అదే వేగమును వాడుకొనిరి. 1948లో కొలంబియా కంపెనీవారు సన్నగాడి లాంగ్ ప్లే రికార్డును ఈ వేగముతోనే విడుదలచేసిరి. మరుసటి యేడు ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీవారు 45 చుట్ల చిన్న రికార్డును తెచ్చిరి. కొన్ని యంత్రములపై 16⅔ అను నాలుగవ గుర్తు కూడ కనబడును. అది ముఖ్యముగా మాటల రికార్డులకు ఉద్దేశించినది. మన ఇండ్లలో దానితో పని తక్కువ.

వేగమును కొలుచుటకు మూడు మార్గములు కలవు: గడియారము, గీతల చక్రము, చెవి. ఈ వరుసలోనే వానిని నమ్మవలెను.

గడియారపు పద్ధతికి ఖర్చు లేదు. ఒక సన్నని కాగితపు పేలికను రికార్డు అంచునుండి కొంచెము బయటకు వచ్చునట్లు అంటింపుడు. పళ్ళెము ప్రక్కన ఒక పెన్సిలును నిలువుగా ఉంచినచో, చుట్టునకొకసారి కాగితము దానిని తాకి చిటుక్కుమనును. కన్నులు అలయకుండ చెవితోనే చుట్లను లెక్కింపవచ్చును. మూడు నిమిషములలో, అనగా 180 సెకన్లలో, 33⅓ వేగపు రికార్డు సరిగా 100 చుట్లు తిరుగవలెను. 45 వేగపు రికార్డు 135 చుట్లు. 78 వేగపు రికార్డు 234 చుట్లు. ఈ మూడు సంఖ్యలను ఒక చీటిపై వ్రాసి యంత్రపు మూతలోపల అంటించుకొనుట మంచిది.

లెక్కించునప్పుడు మొదటి చిటుకును ‘సున్న’ అనియే అనవలెను. దానిని ‘ఒకటి’ అని మొదలిడినచో, నూరు చుట్లని తలచినవి తొంబదితొమ్మిదే అగును. నూటికి ఒక వంతు దోషము లెక్కలోనే చేరును. ఒకరు చుట్లు లెక్కించుచుండగా రెండవవారు గడియారము చూచుట మేలు. ముఖ్యముగా ముల్లు రికార్డుపై దిగి, పాట మోగుచుండగానే ఈ లెక్క సాగవలెను. ముల్లు గాడిని ఒరయుటవలన పళ్ళెమునకు కొంత అడ్డు కలుగును. తేలికపాటి యంత్రములలో ఆ అడ్డు చేతనే వేగము తగ్గును. ముల్లు ఎత్తి కొలిచిన వేగము పాట వేగము కాదు.

ఫలితమును చదువుట సులభము. 33⅓ రికార్డు నూరు చుట్లు తిరుగుటకు 180కి బదులు 179 సెకన్లు పట్టినచో, శ్రుతి ఒక స్వరస్థానములో పదవ వంతు హెచ్చినది. 170 సెకన్లే పట్టినచో ఒక పూర్తి స్వరస్థానము హెచ్చినది. సెకనుకు పదవ వంతు, పది సెకన్లకు ఒక మెట్టు అని జ్ఞాపకముంచుకొనిన చాలును. తక్కిన రెండు వేగములకును ఈ సూత్రమే వర్తించును. చుట్ల లెక్కలోనే వేగము కావలసినవారు 6000ను సెకన్ల సంఖ్యతో భాగింపవలెను. ఉదాహరణకు 176 సెకన్లు పట్టినచో వేగము సుమారు 34.1 చుట్లు, శ్రుతి మెట్టులో అయిదింట రెండు వంతులు పైకి జరిగినది. ఒక సెకను తేడాను సామాన్యశ్రోత చెవి పట్టలేదు. మూడు నాలుగు సెకన్ల తేడాను వీణ శ్రుతిచేయువారు తప్పక పట్టుదురు.

రెండవ మార్గము గీతల చక్రము. దీనిని స్ట్రోబోస్కోపు అందురు. అట్టచక్రము అంచున నల్లగీతలు వరుసగా ఉండును. దానిని తిరుగుచున్న పళ్ళెముపై ఉంచి, విద్యుద్దీపపు వెలుగులో చూచినచో, వేగము సరియైనప్పుడు గీతలు కదలక నిలిచినట్లు కనబడును. కారణము ఇది. మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్ప్రవాహము సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారును. మారిన ప్రతిసారి రెండు ఉచ్ఛ్వాసములవలె, దీపము సెకనుకు 100 సార్లు, నిమిషమునకు 6000 సార్లు తళుక్కుమనును. 33⅓ చుట్లు తిరుగు పళ్ళెము ఒక చుట్టు తిరుగునప్పటికి అట్టి తళుకులు 180 అగును. చక్రమున 180 గీతలున్నచో, ఒక తళుకు నుండి మరొక తళుకునకు ప్రతి గీతయు సరిగా తన ముందున్న గీత స్థానమునకు చేరును. కన్ను దానిని కదలని గీతగా గ్రహించును.

వేగము హెచ్చినచో గీతలు పళ్ళెము తిరుగు దిక్కుగా మెల్లగా ప్రాకును. తగ్గినచో వెనుకకు ప్రాకును. ఎంత తప్పినదో కూడ ఇందులో తెలియును. ఒక గుర్తును దాటి నిమిషమునకు 60 గీతలు ముందుకు పోయినచో వేగము నూటికి ఒక వంతు హెచ్చు. ముప్పది గీతలైనచో అరవంతు. 45 వేగమునకు 133 గీతలును, 78 వేగమునకు 77 గీతలును ఉన్న చక్రములు కావలెను. ఈ రెండింట లెక్క పూర్తిగా సరిపోదు. 77 గీతలు నిలిచినప్పుడు నిజమైన వేగము 77.92. కాని ఆ తేడా చెవికి అందనిది.

33⅓ వేగపు చక్రమును ఇంటిలోనే వ్రాసికొనవచ్చును. వృత్తమునకు 360 అంశములు గదా. బడిపిల్లల కోణమానినితో ఒక అంశము నలుపు, ఒక అంశము తెలుపు చొప్పున అంచును నింపినచో 180 గీతలు సరిగా వచ్చును. నడుమ రంధ్రము పళ్ళెపు ఇరుసునకు బిగుతుగా, వృత్తకేంద్రముననే ఉండవలెను. 133, 77 గీతలు అంశములకు ఒదుగవు. కావున వానిని కొనుటయో, అచ్చువేయించుకొనుటయో మేలు. అమెరికానుండి వచ్చిన చక్రములు అచటి 60 సైకిళ్ళ విద్యుత్తునకు తయారైనవి. వానిలో 33⅓కు 216, 45కు 160, 78కి 92 గీతలుండును. అట్టివానిని మన దీపముక్రింద పెట్టి యంత్రమును నిందింపరాదు.

దీపము విషయమున జాగ్రత్త అవసరము. బరువైన పాత చోకుగల ట్యూబులైటు ఈ పనికి మిక్కిలి తగినది. స్విచ్చిబోర్డుపై ఎర్రగా వెలుగు చిన్న నియాన్ దీపము కూడ పనికివచ్చును గాని, గది చీకటిచేసి దగ్గరగా పట్టవలెను. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములలో పెక్కింటికి విద్యుత్తును చదునుచేయు ఏర్పాటు ఉండును. వాని వెలుగులో గీతలు కలిసిపోయి బూడిదరంగు పట్టీగా కనబడును. అది యంత్రదోషము కాదు. కరెంటు పోయి ఇన్వర్టరుపైనో, జనరేటరుపైనో ఇల్లు నడచుచున్నప్పుడు ఈ పరీక్ష చేయరాదు. ఆ సమయమున తళుకుల లెక్కయే నమ్మదగినది కాదు.

ఈ పరీక్షకు మరియొక పరిమితి కలదు. కొన్ని టర్న్‌టేబిళ్ళ మోటారు విద్యుత్తు సైకిళ్ళను అనుసరించియే తిరుగును. దానిని సింక్రొనస్ మోటారు అందురు. విద్యుత్తు 50కి బదులు 49½ సైకిళ్ళకు దిగినచో మోటారు నూటికి ఒక వంతు మందగించును. దీపపు తళుకులును అంతే మందగించును. రెండును కలిసి తగ్గుటచేత గీతలు నిలిచినట్లే కనబడును. దొంగయు సాక్షియు ఒక్కటైన సంగతి ఇది. గడియారము ఇంటి విద్యుత్తుతో సంబంధము లేనిది కావున నిజము చెప్పును. అందుచేతనే గడియారమును మొదట పేర్కొనవలసివచ్చినది.

మూడవది చెవి. శ్రుతిపెట్టెతో సరిచూచుట సంగీతజ్ఞులకు అలవాటైన పని. కాని ఆ గాయకుడు ఆనాడు ఏ శ్రుతిలో పాడెనో మనకు తెలిసియుండవలెను. వయస్సుతోను, ఆరోగ్యముతోను గాయకులు శ్రుతి మార్చుకొనుట సహజము. కావున చెవి సాక్ష్యము తోడుసాక్ష్యమే. అయితే 1925కు పూర్వపు రికార్డులకు నియతవేగము లేదని చెప్పుకొంటిమి గదా. వాని విషయమున చెవియే శరణ్యము. పాటలో హార్మనీ ఉన్నచో చిక్కు కొంత తీరును. హార్మనీ రీడులు తయారైననాడే శ్రుతిచేయబడి ఉండుటచే, పక్కన మన హార్మనీని మ్రోగించి, రెండును ఒకే కట్టకు కలియువరకు వేగమును సవరింపవచ్చును. ప్రక్క కట్టకు కూడ కలియవచ్చును. అప్పుడు ఆ రెండింటిలో ఏది మానవకంఠమునకు సహజమో ఆలోచించి నిర్ణయింపవలెను.

సెల్‌ఫోనులను పళ్ళెముపై పెట్టి వేగము కొలుచు సాధనములు ఇప్పుడు సులభముగా దొరకుచున్నవి. అవి ఉపయోగకరములే. ఐనను ఫోను బరువు తేలిక పళ్ళెములను మందగింపజేయును; ముల్లు దించి కొలుచుటకును వీలు తక్కువ. తొలి అంచనాకు ఫోను, తుది నిర్ణయమునకు మూడు నిమిషముల లెక్క అని ఏర్పాటు చేసికొనుట మంచిది.

కొలత అయినది. ఇక సవరణ. ఇది యంత్రపు జాతినిబట్టి ఉండును.

కీ ఇచ్చు పాత గ్రామఫోనులో స్ప్రింగు బలము నానాటికి తగ్గిపోవునది. దానిని సమవేగమునకు కట్టిపెట్టునది గవర్నరు. పలుచని ఉక్కురేకులకు బిగించిన మూడు చిన్న గుండ్లు గిరగిర తిరుగును. వేగము పెరిగినకొలది గుండ్లు వెలుపలికి విచ్చుకొని, ఒక చిన్న బిళ్ళను తోలుముక్కకు ఒరయునట్లు లాగును. ఆ ఒరపిడి వేగమును ఆపును. పళ్ళెము ప్రక్కనున్న వేగపు మర ఈ తోలుముక్కను దగ్గరకో దూరమునకో జరుపును, అంతే. తోలు ఎండిపోయినచో కీచుమని, వేగము కుంటును. ఒక బొట్టు సన్ననూనె దానికి ఔషధము. పాట చివర మందగించుచున్నచో కీ నిండుగా ఇచ్చితిమా యని మొదట చూడవలెను. స్ప్రింగు ఉన్న డబ్బాను మాత్రము ఇంటిలో విప్పరాదు. చుట్టుకొనియున్న ఉక్కుపట్టీ ఒక్కసారి విడివడినచో చేతులను కోయును.

విద్యుత్ యంత్రములలో పాతరకము రబ్బరుచక్రముది. మోటారు కడ్డీ రబ్బరుచక్రమును, ఆ చక్రము పళ్ళెపు లోపలి అంచును త్రిప్పును. వేగమును నిర్ణయించునవి కడ్డీ లావు, పళ్ళెపు వెడల్పు మాత్రమే. నడుమ చక్రము పరిమాణముతో నిమిత్తము లేదు. కావున చక్రము కొంచెము అరిగినంతమాత్రాన వేగము మారదు. జారినచో మారును. నూనె అంటుటవలననో, రబ్బరు గట్టిపడి నున్నబడుటవలననో జారుడు కలుగును. యంత్రమును ప్లగ్గునుండి తీసి, పళ్ళెము ఎత్తి, మెత్తని గుడ్డను స్పిరిటులో తడిపి, చక్రపు అంచును, కడ్డీని, పళ్ళెపు లోపలి అంచును తుడువవలెను. వందింట పెక్కు యంత్రములు ఈ తుడుపుతోనే దారికివచ్చును. వాడని సమయమున వేగపు మీటను ‘ఆఫ్’ స్థానమున ఉంచవలెను. లేనిచో కడ్డీ ఒత్తిన చోట రబ్బరు గుంటపడి, పాటలో దడదడ పుట్టును.

తరువాతిది బెల్టు రకము. రబ్బరుబెల్టు సాగినకొలది జారును, వేగము తగ్గును. ఇట్టి యంత్రములలో చాలవానికి అడుగున 33, 45 అను గుర్తులుగల రెండు చిన్న రంధ్రములు, వానిలో సన్నని మరలు ఉండును. వానిని త్రిప్పుటకు తొందరపడరాదు. సాగిన బెల్టును ఉంచి, మరతో మోటారు వేగమును పెంచినచో, రోగమును దాచి జ్వరమును తగ్గించినట్లగును. కొన్నాళ్ళకు బెల్టు ఇంకను జారును. మర ఇంకను త్రిప్పవలసివచ్చును. ముందు బెల్టు మార్చి, కప్పీని తుడిచి, పిమ్మట కొలిచి, అప్పటికిని తేడా ఉన్నచో మరను త్రిప్పవలెను. పిడికి ప్లాస్టికు తొడుగుగల చిన్న స్క్రూడ్రైవరుతో, గడియారపు చిన్నముల్లు కదలినంత మెల్లగా త్రిప్పి, ప్రతిసారి తిరిగి కొలువవలెను.

మోటారు ఇరుసుపైనే పళ్ళెమును నిలిపిన డైరెక్ట్ డ్రైవ్ యంత్రములు 1970 ప్రాంతమున జపానునుండి వచ్చినవి. టెక్నిక్స్ కంపెనీ 1979లో తెచ్చిన ఎస్.ఎల్. 1200 రెండవ నమూనాలో క్వార్ట్జ్ స్ఫటికము వేగమును పట్టియుంచును. దాని పళ్ళెపు అంచున నాలుగు వరుసల చుక్కలు, వానికి వెలుగునిచ్చు చిన్న దీపము కలవు. ఆ దీపపు తళుకులు కూడ స్ఫటికమునుండి వచ్చునవే గాని ఇంటి విద్యుత్తునుండి వచ్చునవి కావు. అట్టి యంత్రములలో వేగపు జారుడుమీట నడిమి గుర్తుననే ఉన్నదా యని చూచుకొనుటయే మనకు మిగిలిన పని.

విదేశములలోని మనవారు తెచ్చు యంత్రములనుగూర్చి ఒక్కమాట. అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, 60 సైకిళ్ళు. అచటి టర్న్‌టేబిల్‌ను ట్రాన్స్‌ఫార్మరుతో ఇచట నడపుదురు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులనే మార్చును, సైకిళ్ళను మార్చజాలదు. సింక్రొనస్ మోటారు ఉన్నచో 33⅓ చుట్లకు బదులు 28 చుట్లకంటె తక్కువగా తిరుగును. పాట మూడు మెట్లకుమించి దిగి, స్త్రీకంఠము పురుషకంఠమువలె వినబడును. ఇచటి యంత్రమును అచటికి తీసికొనిపోయినచో ఇందుకు విపరీతము జరుగును. దీనికి నూనెయు స్పిరిటును పనిచేయవు. ఆ దేశపు సైకిళ్ళకు తగిన కప్పీని మోటారు కడ్డీకి మార్చవలెను. చిన్న అడాప్టరుతో నడచు డి.సి. మోటారు యంత్రములకు ఈ బాధ లేదు.

కొన్ని సందర్భములలో వేగము సరిగానే ఉన్నను పాట ఊయలూగును. ఆ ఊగుడు ఎంతసేపటికొకసారి వచ్చుచున్నదో చూచినచో కారణము దొరకును. 33⅓ రికార్డుకు చుట్టుకు 1.8 సెకన్లు. సరిగా అంతసేపటికొక్కసారి శ్రుతి ఎక్కి దిగుచున్నచో దోషము రికార్డుది. దాని నడిమి రంధ్రము కేంద్రమునుండి తొలగియున్నది. అరమిల్లీమీటరు తొలగినను, చివరి గాడులవద్ద శ్రుతి నూటికి ముప్పాతికవంతు అటూ ఇటూ ఊగును. తంబుర నాదమునందును, నాగస్వరపు దీర్ఘస్వరములందును ఇది చప్పున తెలియును. అంతకంటె త్వరత్వరగా వణకుచున్నచో దోషము రబ్బరుచక్రముదియో మోటారుదియో. పాట మొదటనుండి చివరకు మెల్లగా జారిపోవుచున్నచో బెల్టునో, ఇరుసులో ఎండిన నూనెనో శంకింపవలెను. ఒక రికార్డు విని యంత్రమును విప్పవలదు. రెండు మూడు రికార్డులు మార్చి చూచిన పిమ్మటనే తీర్పు.

పని వరుసను మరల చెప్పుకొందము. యంత్రమును కదలని బల్లపై సమతలముగా ఉంచవలెను. పది నిమిషములు తిరుగనిచ్చి, నూనె వెచ్చబడిన తరువాత కొలువవలెను. తేడా ఉన్నచో ముందు తుడుపు, పిదప ఇరుసుకు ఒక బొట్టు కుట్టుమిషను నూనె, పిదప బెల్టు. అన్నిటికంటె చివర మర. ప్రతి దశకు నడుమ కొలత తప్పదు. లేనిచో ఏ చికిత్సవలన గుణము కలిగినదో తెలియకపోవును. సవరించిన వారము దినములకు మరొకసారి కొలిచి చూడవలెను. బయటినుండి అందని మరలకొరకు అడుగు పలకను విప్పుట మాత్రము సామాన్యుల పని కాదు. లోపల 230 వోల్టుల విద్యుత్తు ఉండును. దానిని పనిమంతునికే అప్పగింపవలెను.

ఘంటసాల కంఠమున భగవద్గీత మన ఇండ్ల రికార్డులపై ఎంతకాలము మోగినదో పెద్దలెరుగుదురు. ఆ కంఠపు గాంభీర్యము, శ్లోకమునకు శ్లోకమునకు నడుమ ఆయన విడిచిన ఊపిరి, ఆ నిదానము అన్నియు గాడిలో అట్లే ఉన్నవి. వేగము రెండు చుట్లు హెచ్చినచో గాంభీర్యము పలుచబడును, నిదానము తొందరయగును. మనము వాటికి చేర్చవలసినది ఏమియు లేదు. ఒక కాగితపు పేలిక, ఒక గడియారము, మూడు నిమిషముల ఓపిక ఉన్నచో, పాడినవారు పాడిన చోటనే శ్రుతి నిలుచును.